చిన్న నియమములు – చెదరని ధృతి



ప్రవచనము ముగిసిన పిమ్మట భక్తులు కొందరు వేదిక దగ్గరకు వచ్చి తమ సందేహములు అడుగుచుందురు. ముప్పది నలుబది ఏండ్ల క్రిందట మమ్ము అడిగిన సందేహములు వేరు. ఏకాదశి ఏనాడు ఉండవలెను, పితృకార్యమునకు తిథి ఎట్లు చూడవలెను, జీవేశ్వరులకు భేదమా అభేదమా – ఇటువంటివి. ఇప్పుడు వచ్చువారిలో పెక్కుమంది, అందును చదువుకొను పిల్లలును వారి తల్లిదండ్రులును, అడుగునది ఒక్కటే. "గురువుగారూ, ధైర్యం చాలడం లేదు. నా మీద నాకే నమ్మకం కుదరడం లేదు. ఏం చెయ్యమంటారు?" అని. ఈ ప్రశ్నకు ఏదో ఒక స్తోత్రము పేరు చెప్పి పంపివేయుట సులభము. మేమును కొన్నాళ్ళు అట్లే చేసితిమి. అది సరియైన సమాధానము కాదని పిమ్మట తోచినది. అందుచేత ఆ ప్రశ్ననే ఇక్కడ కొంత నిదానముగా విచారింపదలచితిమి.

ఆత్మవిశ్వాసమను మాట నేడు పత్రికలలోను పాఠ్యపుస్తకములలోను తరచు కనబడుచున్నది. మేము పాఠశాలలో ఉన్న దినములలో ఈ మాట మా చెవిని పడలేదు. పేరు క్రొత్తది కావచ్చునుగాని అది చెప్పు వస్తువు మనకు క్రొత్తది కాదు. మన పెద్దలు దానిని ధృతి అనిరి. ధరించుట, జారిపోకుండ నిలుపుట అని ఆ మాటకు అర్థము. మనువు ధర్మమునకు పది లక్షణములు చెప్పుచు మొట్టమొదట ధృతినే పేర్కొనెను. క్షమ, శౌచము, సత్యము మున్నగునవి అన్నియు దాని వెనుకనే వచ్చినవి. నిలుపుకొనగల శక్తి లేనివాడు సత్యమును మాత్రము ఎన్నాళ్ళు నిలుపుకొనగలడు?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ధృతి మూడు విధములుగా చెప్పబడినది. మనస్సును, ప్రాణమును, ఇంద్రియములను యోగముచేత నిలుపునది సాత్త్వికము. ఫలాపేక్షతో ధర్మార్థకామములను పట్టుకొనియుండునది రాజసము. ఈ రెండును ఎవరైనను ఊహింపగలరు. మమ్ము చాలకాలము ఆలోచింపజేసినది మూడవదియగు తామస ధృతి. నిద్రను, భయమును, శోకమును, విషాదమును, మదమును విడువకుండ పట్టుకొనియుండుట తామస ధృతియని అక్కడ చెప్పబడినది. విచిత్రముగా లేదా? దుఃఖమున మునిగి గది తలుపు వేసికొని పడుకొన్నవానిని చూచి వీనికి ధృతి లేదని మనమందుము. గీత అట్లు అనుటలేదు. వానికి ధృతి ఉన్నది. వాడు విషాదమును గట్టిగా పట్టుకొనియున్నాడు. పట్టుకొను శక్తి చెడలేదు, పట్టుకొనిన వస్తువు చెడ్డది. పసిపిల్లవాని చేతిలో కత్తిపీట పిడి ఉన్నదనుకొనుడు. విడువుమని ఎంత అరచినను వాడు విడువడు. ఒక అరటిపండు చూపినచో పిడి తనంత జారును. ఈ వ్యాసమున మేము చెప్పబోవు చిన్న నియమములు ఆ అరటిపండు వంటివి.

చిన్నవి అని ఊరక అనుటలేదు. ఈ చిన్నతనము విషయమున మాకు కొంత అనుభవమున్నది.

కోనసీమలో కాలువగట్టున ఉన్న ఒక పాఠశాలలో మాకు ఎనిమిదవ యేట వేదాధ్యయనము మొదలైనది. మాది కృష్ణయజుర్వేదము, తైత్తిరీయశాఖ. సంహితలో ఏడు కాండములు, 44 ప్రశ్నములు, 651 అనువాకములు, 2198 పనసలు. పనస యనగా సుమారు ఏబది పదముల ముక్క. సంహిత 44, బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10 – అన్నియు కలిపి 82 ప్రశ్నములు. వీనినే మా ప్రాంతమున ఎనబదిరెండు పన్నములందురు. పుస్తకము చూడకుండ, స్వరము తప్పకుండ, ఇదంతయు కంఠస్థము కావలెను. మొదటి వారములో ఒక పెద్ద విద్యార్థి ఈ లెక్క మాకు చెప్పగా ఆ రాత్రి చాపమీద పడుకొని ఏడ్చితిమి. ఇల్లు జ్ఞాపకము వచ్చి ఏడ్చుచున్నామని అందరు అనుకొనిరి. మేమును కాదనలేదు.

గురువుగారు మాత్రము ఎన్నడును మొత్తము లెక్క చెప్పలేదు. సంత చెప్పుటలో ఉన్న మర్మమే అది. గురువు ఒక చిన్న ఖండము స్వరముతో ఒకమారు చెప్పును. శిష్యుడు దానిని రెండుమార్లు చెప్పును. తరువాత ఇంకొక ఖండము. ఆ దినము చెప్పిన సంతను సాయంకాలమువరకు వల్లె వేయవలెను. మరునాడు నిన్నటిది అప్పగించిన పిదపనే క్రొత్త సంత. అంతే. ఆ చిన్నవాని యెదుట ఏనాడును ఎనబదిరెండు పన్నములు నిలువలేదు, నాలుగు మాటలు మాత్రమే నిలిచినవి. నాలుగు మాటలు ఎవడైనను చెప్పగలడు. చెప్పగలిగితినను తృప్తితో నిద్రించి మరునాడు లేచును. వేదపఠన సంప్రదాయమును యునెస్కో సంస్థ 2003లో మానవజాతి వారసత్వములలో ఒకటిగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చినది. ఇంత గ్రంథము ఇన్ని తరములు నోటనే ఎట్లు నిలిచినదని చదువుకొన్నవారు ఆశ్చర్యపడుచుందురు. లెక్క వేసి చూడుడు. దినమునకొక్క పనస చొప్పున పోయినను సంహిత యంతయు సుమారు ఆరేండ్లకు ముగియును. ఇందులో ఆశ్చర్యమేమున్నను అది బుద్ధిని గూర్చి కాదు, ఒక్క దినము మానకుండుటను గూర్చియే.

ఇట్లు చదివిన మేమే పందొమ్మిదవ యేట ఒక వేదసభలో పరీక్షకు కూర్చుంటిమి. పరీక్షకులు ఒక అనువాకము మొదలు ఎత్తి యిచ్చిరి. రెండు పనసలు చక్కగా జరిగినవి. మూడవదానిలో ఒక పదము దగ్గర నోరు ఆగినది. వెనుకకు పోయి మరల అందుకొంటిమి. మరల అక్కడనే ఆగినది. సభలో ఎవరును నవ్వలేదు. నవ్వినను కొంత నయముగా ఉండెడిది. ప్రక్కనున్న పెద్దలొకరు నెమ్మదిగా ఆ పదము అందించిరి. అది విని గూడ మేము చెప్పలేక లేచి వచ్చితిమి. తరువాత మూడు మాసములు నోట వేదము పలుకలేదు. గొంతు నొప్పియని ఇంటిలో చెప్పితిమి. అది అబద్ధము. ప్రొద్దెక్కువరకు పడుకొనుట, వీధిలో సహాధ్యాయి కనబడిన ప్రక్క సందునకు తిరుగుట, ఈ చదువు మానివేసి ఏదైన కొట్టులో పద్దులు వ్రాయుదమాయని తలచుట – ఇదియే ఆ మూడు మాసముల చరిత్ర. మేము ఇందాక తామస ధృతి యంటిమి. దానిని పుస్తకములో చదువకముందే ఎరుగుదుము.

గురువుగారు పిలిపించిరి. మందలింతురని భయపడుచు పోయితిమి. ఆయన సభ ఊసే ఎత్తలేదు. "రేపట్నుంచి తెల్లవారుజామున కాలువ రేవులో స్నానం చేసి, మెట్టుమీద కూచుని ఒక్క పనస చెప్పి ఇంటికి పోరా. నేను వినను. తప్పొచ్చినా దిద్దను. రెండో పనస మాత్రం చెప్పకు" అనిరి. ఒక పనస చెప్పుటకు రెండు నిమిషములు పట్టదు. ఇంత చిన్నపనికి కాదనుటకు మాకు సాకు దొరకలేదు. మొదటి దినములలో పెదవులు మాత్రమే కదలెడివి. పదిపన్నెండు దినములకు ధ్వని వచ్చినది. నెల దాటిన తరువాత ఒకనాడు రెండవ పనస తనంత నోటికి రాగా, గురువుగారి ఆజ్ఞ జ్ఞాపకము వచ్చి బలవంతముగా ఆపుకొంటిమి. చెప్పలేని వానికి, చెప్పవలెనని ఉండియు ఆపుకొనువానికి ఎంత భేదము! ఆ దినమున మేము ఏ సభలోను గెలువలేదు. మమ్ము మెచ్చుకొన్నవారెవరును లేరు. అయినను తలయెత్తి వీధిలో నడచి ఇంటికి పోయితిమి. నేను చేయుదునని అనుకొన్నది ముప్పది దినములు చేసితిని అను ఒక్క సంగతి మాకు తెలిసియుండెను. తనకు తాను ఇచ్చుకొన్న మాట నిలిచినచో తన మాటమీద తనకు నమ్మకము కలుగును. ఆత్మవిశ్వాసమను దానిలో ఇంతకుమించి రహస్యమేమియు మాకు ఈనాటివరకు కనబడలేదు. పైవారు పొగడుటవలన వచ్చు ధైర్యము వేరు. అది వారు ఊరకున్ననాడు పోవును.

ఇట్లు స్వల్పముతో తృప్తిపడుట ఆ గురువుగారి దయాస్వభావము మాత్రమే అని మేము చాలకాలము తలచితిమి. తరువాత ఆరణ్యకము అర్థవిచారము చేయునప్పుడు ఇది వేదము మాటయే అని తెలిసినది. తైత్తిరీయారణ్యకము రెండవ ప్రశ్నమున పంచమహాయజ్ఞములు చెప్పబడినవి. మహాయజ్ఞమనగానే మనకు యూపస్తంభములు, ఋత్విక్కులు, నేతి కుండలు మనస్సునకు వచ్చును. అక్కడ చెప్పిన కొలత చూడుడు. అగ్నిలో ఒక్క సమిధ వేసినను దేవయజ్ఞము పూర్తియైనది. పితరులకు స్వధాయని నీళ్ళు మాత్రము విడిచినను పితృయజ్ఞము పూర్తియైనది. ప్రాణులకు ఇంత బలి వేసినచో భూతయజ్ఞము, అన్నము పెట్టినచో మనుష్యయజ్ఞము. ఒక్క ఋక్కునుగాని యజుస్సునుగాని సామమునుగాని చెప్పుకొన్నను బ్రహ్మయజ్ఞము పూర్తియైనది. మరియు ఇవి ఏ దినమునకు ఆ దినము మొదలై ఆ దినమే ముగియునని గూడ చెప్పబడినది. ఈ రెండవ మాట మాకు మొదటిదానికంటె విలువైనదిగా తోచుచున్నది. నేటి మనుష్యుని అలసటలో సగము పని ఎక్కువగుటవలన వచ్చినది కాదు, ఏ పనియు ముగియకుండుటవలన వచ్చినది. ఉద్యోగము ముగియదు, అప్పు ముగియదు, పిల్లల చదువుల చింత ముగియదు. ఇన్నింటి నడుమ సూర్యోదయమునకు ముందే పూర్తియైనది ఒకటి యున్నచో ఆ దినమంతయు కాలిక్రింద ఒక రాయి ఉన్నట్లుండును.

ఆ ప్రశ్నములోనే ఆహ్నేయుడగు శౌచుడను ఋషి అభిప్రాయమొకటి ఉన్నది. ఊరిలో ఉన్నచో మనస్సులోనైనను స్వాధ్యాయము చేసికొనవచ్చును, పగలైనను రాత్రియైనను సరియే. శక్తి లేనివాడు నిలుచుండిగాని, నడచుచుగాని, కూర్చుండిగాని, పడుకొనిగాని చేయవచ్చునని. ఆచారము విషయమున మన పెద్దలు కఠినులని చెప్పువారు ఈ మాట ఎన్నడును విని ఉండరు. పడుకొని చెప్పినను సరియే, మానవలదు. అంత దయగలవారు వారు.

ఉపనయనము లేనివారు, స్త్రీలు ఏమి చేయవలెనని కొందరు అడుగుదురు. సూత్రము అందరికిని ఒక్కటే, వస్తువు మాత్రము ఎవరిది వారిది. కేశవాది ద్వాదశనామములు చెప్పుకొనుటకు అరనిమిషము చాలును. సాయంసంధ్యలో దీపము పెట్టి రెండు నిమిషములు దాని యెదుట మౌనముగా కూర్చుండవచ్చును. మా తల్లిగారు నిరక్షరాస్యురాలు. ఆమె ప్రతి ఉదయము వాకిట కల్లాపి చల్లి బియ్యపుపిండితో ముగ్గు పెట్టెడిది. చీమలు తినునని పిండిముగ్గే పెట్టవలెనని ఆమె పట్టు. సున్నపుపొడితో పెట్టుట ఆమెకు ఇష్టముండెడిది కాదు. ఆమె చేసినది భూతయజ్ఞమని మాకు ఆరణ్యకము చదివిన తరువాత తెలిసినది, ఆమెకు ఎవరును చెప్పలేదు. ఇంట మరణాశౌచము పట్టిన దినములలో తప్ప ఆమె ముగ్గు మానుట మేము చూడలేదు. నలుగురు బిడ్డలను, రెండు తుఫానులను, ఒక పెద్ద దారిద్ర్యమును ఆమె దాటినది. ముగ్గువలన దాటినదని అనము. చేయి వణకకుండ ముగ్గు వేసిన మనిషి అని మాత్రము అనుచున్నాము.

ఇక ఆచరణము మాట. ఉదయము మేల్కొనుటనుండి మొదలిడుదము. బ్రాహ్మీముహూర్తమున లేవవలెనని అందరు విన్నదే. ముహూర్తమనగా రెండు ఘడియలు, 48 నిమిషములు. సూర్యోదయమునకు ముందు రెండవ ముహూర్తము బ్రాహ్మము, అనగా 96 నిమిషముల ముందు మొదలై 48 నిమిషముల ముందు ముగియును. అష్టాంగహృదయమున వాగ్భటుడు దినచర్య చెప్పుచు దీనినే విధించెను. అయితే ఆ విధి స్వస్థునకు, అనగా ఆరోగ్యవంతునకు చెప్పినది. రోగికి, పసిబిడ్డ తల్లికి, రాత్రి విధులు చేసి వచ్చినవానికి అది వర్తింపదు. ఆరోగ్యవంతులలోను ఎనిమిది గంటలకు లేచు అలవాటుగలవాడు రేపటినుండి నాలుగింటికి లేచెదనని ప్రతిజ్ఞ చేయుట అవివేకము. మూడు దినములు లేచును, నాలుగవనాడు లేవడు, ఐదవనాడు నేను పనికిరానివాడనని నిశ్చయించుకొనును. ఎక్కువ తలపెట్టుటవలన పోయిన ధైర్యము ఏమియు తలపెట్టకుండుటవలన పోయినదానికంటె అధికము. ఇప్పుడు లేచు సమయమునకు ఒక ఘడియ, అనగా 24 నిమిషములు ముందు లేచిన చాలును. అది స్థిరపడిన పిదప ఇంకొక ఘడియ.

లేవగానే అరచేతులు చూచుకొనుట మన ఆచారము. ఇప్పుడును అందరు అరచేతినే చూచుచున్నారు, అందులో సెల్‌ఫోను ఉన్నది, అంతే భేదము. పరిహాసమునకు అనుటలేదు. నిద్ర లేచిన మొదటి క్షణముననే పరుల సంతోషములు, పరుల విజయములు, పరుల కోపములు కంటిలో పోసికొనినచో తన దినము తనదిగా ఎట్లు మొదలగును? ముఖము కడుగుకొని, ఒక ఆచమనము చేసి, లేదా గ్లాసెడు నీళ్ళు త్రాగి, తాను నియమించుకొన్న చిన్నపని పూర్తిచేసిన పిమ్మటనే దానిని ముట్టుకొందునని అనుకొనుట నేటి కాలమునకు తగిన నియమము. మా మనుమలకు ఇదియొక్కటే విధించితిమి. ఇద్దరిలో ఒకడు పాటించుచున్నాడు.

సంకల్పము గురించి కొంచెము చెప్పవలెను. పూజకు ముందు సంకల్పము చెప్పునప్పుడు మనము జంబూద్వీపమునుండి మొదలుపెట్టి భరతవర్షమునకు, అక్కడనుండి శ్రీశైలమునకు ఏ దిక్కున ఉన్నామో, ఏ రెండు నదుల నడుమ ఉన్నామో అచ్చటికి వచ్చెదము. అట్లే కల్పమునుండి మొదలుపెట్టి నేటి సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారమువరకు దిగివచ్చెదము. అమెరికాలో స్థిరపడిన మనవారిలో పెక్కుమంది జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమని చెప్పుకొనుచున్నారు. ఎక్కడ ఉన్నవాడు అక్కడి పేరు చెప్పుకొనవలెను గదా! పురోహితుడు వేగముగా చెప్పుకొనిపోవు ఈ భాగమును చాలమంది ఉపోద్ఘాతమని తలచి వినరు. మా దృష్టిలో భయపడువానికి ఇదియే మందు. భయపడువాడు నిన్నటి తిథిలోనో వచ్చు మాసములోనో నివసించుచుండును. సంకల్పము వానిని చేయిపట్టుకొని ఈ తిథికి, ఈ ఊరికి, ఈ పీటమీదికి తెచ్చి కూర్చుండబెట్టును. ఆ తరువాత తన గోత్రము, తన పేరు తన నోటితో చెప్పుకొనును. నేను ఫలానావాడను, ఇక్కడ ఉన్నాను, ఇంత చేయుదును. ఇంత అను మాట దగ్గర మాత్రము జాగ్రత్త వహింపవలెను. వేయి జపము సంకల్పించి నూరు చేయుటకంటె పది సంకల్పించి పది చేయుట మేలు.

ఆహారము, నిద్ర మితముగా ఉండవలెనని గీత ఆరవ అధ్యాయము చెప్పును. అతిగా తినువానికి యోగము లేనట్లే ఏమియు తిననివానికిని లేదు. ధైర్యము పోయినవారు తరచు ఈ రెండవ తప్పు చేయుదురు. అన్నము యెదుట కూర్చుండి విస్తరి చుట్టు నీరు త్రిప్పి మొదటి ఐదు ముద్దలు మాటలాడకుండ తినుట అభ్యసింపుడు. ప్రాణాయామము చేయువారు మెల్లగా పీల్చి మెల్లగా విడుచుట చాలును, వృద్ధులును గుండెజబ్బు ఉన్నవారును గాలి బిగబట్టుటకు పోరాదు. ఇంతకంటె ఈ విషయమున విస్తరింపము.

ఇటీవలి సంగతి ఒకటి చెప్పి ముగించెదము. ఒక ముసలమ్మ తన మనుమని వెంటబెట్టుకొని వచ్చినది. "అయ్యగారూ, వీడు ఇంటరు తప్పిన్నాటినుంచీ గదిలోంచి బయటికి రావట్లేదండీ. రాత్రుళ్ళు నిద్రపోడు. నాకు భయంగా ఉంది. ఏదైనా హోమం చేయించండి, పోనీ ఓ తాయెత్తైనా కట్టండి" అని కన్నీళ్ళు పెట్టుకొన్నది. ఆమె భయము దేనిని గూర్చియో ఆమె చెప్పలేదు, మేమును అడుగలేదు. పరీక్షాఫలితములు వచ్చిన దినములలో పత్రికలు చదువు ప్రతివారికిని అది తెలియును. హోమము వలదంటిమి. ముందుగా పిల్లవానిని మనోవైద్యుని దగ్గరకు తీసికొనిపోవలెనని, ఇంటిలో వానిని ఒంటరిగా విడువరాదని ఆ తల్లిదండ్రులకు గట్టిగా చెప్పించితిమి. నిద్ర పట్టకుండుట, ఆకలి లేకుండుట, బ్రదుకు వలదనిపించుట – ఇవి రోగలక్షణములు. జ్వరమునకు మందు పుచ్చుకొనుట ఎట్లు దైవాపచారము కాదో ఇదియు అట్లే కాదు.

పిమ్మట పిల్లవానితో మాటలాడితిమి.

"బాబూ, మీ ఇంట్లో తులసికోట ఉందా?"

"ఉంది."

"నీళ్ళెవరు పోస్తారు?"

"నానమ్మ."

"రేపట్నుంచి నువ్వు పోస్తావా? ఒక్క చెంబు. ఎండ రాకముందు. మంత్రం అక్కర్లేదు."

వాడు మొదటిసారి తలయెత్తి, "దానివల్ల ఏమవుతుందండీ?" అని అడిగెను.

"ఏమీ కాదు. తులసికి నీళ్ళందుతాయి" అంటిమి.

మూడు వారములకు మరల వచ్చినప్పుడు వాని ముఖము మొదటికంటె చిన్నబోయియుండెను. "నాలుగు రోజులు మానేశాను తాతగారూ. ఇదీ నావల్ల కాలేదు" అనెను. అప్పుడు వానికి సంధ్యావందనములోని ఒక సంగతి చెప్పితిమి. అర్ఘ్యమీయవలసిన కాలము దాటిపోయినచో ఏమి చేయవలెను? ప్రాయశ్చిత్తార్ఘ్యమని ఇంకొక దోసెడు నీళ్ళు విడువవలెను. అంతే. తరువాత ఎప్పటివలె మూడు అర్ఘ్యములు. లెంపలు వేసికొనుట లేదు, ఉపవాసము లేదు, నేను పాపిననుచు కూర్చుండుట లేదు. మనుష్యుడు ఆలస్యము చేయునని మన పెద్దలకు ముందే తెలియును. తెలిసియే ఆ ఆలస్యమునకు ఒక చోటు ఏర్పరచి, దానికి ఒక దోసెడు నీళ్ళు వెల కట్టి, అక్కడితో లెక్క చెల్లినదనిరి. మేము ఏబది ఏండ్లకు పైగా సంధ్య వార్చుచున్నాము. ప్రాయశ్చిత్తార్ఘ్యమీయని మాసము మాకు లేదు. ఇది విని ఆ పిల్లవాడు, "అయితే నేను ఐదు చెంబులు పొయ్యాలా?" అని అడిగెను. వలదు, ఒక్కటి అదనముగా పోసి మరల రేపటినుండి ఒక్కటే పోయుమంటిమి. నవ్వు వంటిది ఒకటి వాని పెదవి చివర కనబడినది.

తరువాత వైద్యుని మందును వాడెను, నీళ్ళును పోసెను. దేనివలన ఎంత మేలు కలిగినదో విడదీసి చెప్పుటకు మేము పూనుకొనము. మరుసటి యేడు పరీక్షలో రెండు విషయములు గట్టెక్కెను, ఒకటి మిగిలినది. ఆ మిగిలినదానికి మరల కట్టితినని తానే వచ్చి చెప్పెను, నానమ్మను వెంట తీసికొనిరాలేదు. వేసవిలో తులసి ఎండిపోయినదట. పొరుగింటివారిని అడిగి వేరొక మొక్క తెచ్చి నాటినాడట.

మా సంగతియు ఒకటి ఉన్నది. డెబ్బది దాటిన తరువాత జ్ఞాపకశక్తి అక్కడక్కడ జారుచున్నది. కాలువ రేవు ఇప్పుడు స్నానమునకు అనువుగా లేదు. పాఠశాల అరుగుమీద కూర్చుండి ప్రతి ఉదయము ఆ ఒక్క పనస చెప్పుకొనుచున్నాము. మొన్న ఒకనాడు నడుమ ఒక పదము రాలేదు. ఏండ్ల క్రిందట సభలో ఆగినట్లే నోరు ఆగినది. అరుగు చివర సంత వల్లె వేయుచున్న పదేండ్ల పిల్లవాడు తలయెత్తకుండనే ఆ పదము అందించెను. మేము దానిని రెండుమార్లు చెప్పి, పనసను మరల మొదటినుండి ఎత్తుకొంటిమి.